ఆరున్నర నెలల బాబు తోటకూర కాడలా వాలిపోతున్నాడు, ఎవరికి చూపించాలి?

గోదారి_పిల్ల
ఆదివారం, రాత్రి 11:40

ఇంట్లో అందరూ పడుకున్నాక రాస్తున్నానండి. తప్పులుంటే మన్నించండి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాన్పుకి పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉన్నాను. మావారికి పుణెలో ఉద్యోగం. బాబుకి ఆరున్నర నెలలు, తొలి కాన్పు. నెలలు నిండాకే పుట్టాడు, 2.9 కిలోలు, పుట్టగానే ఏడ్చాడు. మూడో రోజు కామెర్లని రెండు రోజులు లైటు కింద పెట్టారు, అంతే. రెండో నెలలో నవ్వాడు. నాలుగో నెలకి మెడ నిలిపాడు. భుజాన వేసుకుంటే తలెత్తి గోడ మీద బల్లిని చూసేవాడు. బోర్లా పడితే బొబ్బట్లు పంచాలని మా అమ్మ శనగపప్పు, బెల్లం తెప్పించి పెట్టింది.

ఆ తర్వాత ఏదో మారింది. ఫలానా రోజని చెప్పలేను. ముందు కనిపెట్టింది నేను కాదు, నీళ్ళు పోసే మామ్మ. "అమ్మాయ్, నెల కిందట కాళ్ళ మీద వేసుకుంటే తన్ని తన్ని నా మోకాళ్ళు నొప్పెట్టించేవాడు. ఇప్పుడు సబ్బు రాస్తుంటే ఇటూ అటూ జారిపోతున్నాడు. నలభై ఏళ్ళ నుంచి ఈ ఊరి పిల్లలకి నీళ్ళు పోస్తున్నాను, బిడ్డ సంగతి చేతికి తెలుస్తుంది" అంది. మా అమ్మకి కోపమొచ్చింది, శుభమా అని బిడ్డని పట్టుకుని ఏం మాటలవి అని. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి గమనిస్తున్నాను. చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే భుజాలు చెవుల దాకా లేచి నా చేతుల్లోంచి కిందికి జారుతున్నాడు. పడుకోబెడితే కాళ్ళు రెండూ కప్పకాళ్ళలా పక్కలకి పడిపోతున్నాయి. చేతులు పట్టుకుని లేపితే తల వెనక్కి వేలాడుతోంది. గిలక్కాయ చేతిలో పెడితే పట్టుకోడు. అన్నిటికన్నా, నవ్వడం మానేశాడు. పాలు రెండు నిమిషాలు లాగి నిద్రలోకి జారుకుంటాడు. రోజంతా మగతగానే ఉంటాడు.

ఊళ్ళో డాక్టరుగారు ఒక్కో బిడ్డ ఒక్కో తీరని క్యాల్షియం చుక్కలు రాశారు. ఇంకో ఆయన చీటీ మీద "హైపోటోనియా" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, పెద్ద ఊరికి తీసుకెళ్ళమన్నారు. అదేం జబ్బండీ అంటే మెదడు వల్ల కావచ్చు, నరాల వల్ల కావచ్చు, కండ వల్ల కావచ్చు అన్నారు. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడని మా అత్తగారు ఫోన్లో అంటున్నారు. దిష్టి అని మా అమ్మ ఎర్రనీళ్ళు తీస్తోంది.

కాకినాడ వెళ్ళాలా, విశాఖా, నేరుగా హైదరాబాదా? ఆముదం రాసి బాగా మర్దనా చేస్తే బలం వస్తుందా? ఇలాంటి బిడ్డని చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, దయచేసి.


ఫిజియో_విజయనగరం
సోమవారం, ఉదయం 5:55

అమ్మా, నేను పందొమ్మిదేళ్ళుగా పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తున్నాను, అందులో తొమ్మిదేళ్ళు జిల్లా ఆస్పత్రి డైక్ సెంటర్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టుకుని చికిత్స చేసే చోట. డాక్టర్ని కాను. బాబుని చూడకుండా ఇది ఫలానా జబ్బని ఎవరూ చెప్పకూడదు, నేనూ చెప్పను. కానీ మీరు ఆ రోజు డాక్టర్ని అడిగి జవాబు దొరక్క వచ్చేసినవి కొన్ని చెప్పగలను.

హైపోటోనియా అంటే కండల్లో బిగువు తగ్గడం, జబ్బు పేరు కాదు. జ్వరం లాంటిది. జ్వరం మలేరియాకీ వస్తుంది, టైఫాయిడ్‌కీ వస్తుంది కదా. ఇదీ అంతే.

బిగువు వేరు, బలం వేరు. మెలకువగా హాయిగా పడుకున్న బిడ్డ మోచేయి మడిచి చూస్తే మన వేళ్ళకి చిన్న ఎదురు తగులుతుంది. కండ ఏ పనీ చేయనప్పుడు కూడా ఉండే ఆ కాస్త పట్టే బిగువు. బలమంటే తన చేతి బరువుని తానే గాల్లోకి ఎత్తగలగడం. బిగువు తగ్గినా కాళ్ళూ చేతులూ బాగానే ఎత్తే పిల్లలున్నారు. రెండూ పోయిన పిల్లలూ ఉన్నారు. డాక్టరు ముందు తేల్చేది ఇదే.

మా సెంటర్లో తల్లులకి కరెంటుతో చెబుతాను. ఇంట్లో లైటు వెలగకపోతే సబ్‌స్టేషన్లో పోయిందా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా, తీగలోనా, హోల్డర్లోనా, బల్బే మాడిందా అని చూస్తాం. మెదడు సబ్‌స్టేషన్. వెన్నుపాములో కండల్ని కదిలించే నాడీకణాలు ట్రాన్స్‌ఫార్మర్. అక్కణ్ణుంచి బయల్దేరే నరం తీగ, నరం కండని తాకే చోటు హోల్డర్, కండ బల్బు. మెత్తగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తేడా మెదడులోనే ఉంటుంది. పుట్టగానే ఏడవక ప్రాణవాయువు అందని పిల్లలు, కామెర్లు మెదడుకెక్కిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, థైరాయిడ్ తక్కువతో పుట్టిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో వీళ్ళే ఎక్కువ.

మెదడు వల్లయితే మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది, ఒక్కోసారి మరీ ఎగురుతుంది. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తారు. చూపు, పలకరింపు మందంగా ఉంటాయి. వెన్నుపాము నాడీకణాలూ నరమూ కండా వైపయితే తరచుగా దీనికి తిరగబడి ఉంటుంది. బిడ్డ కళ్ళు చురుగ్గా మన వెంటే తిరుగుతాయి, కాలు మాత్రం మంచం మీంచి లేవదు. ఆ నాడీకణం గానీ నరం గానీ పోతే సుత్తికి కాలు పలకదు.

ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఒక బిడ్డని పోగొట్టుకున్నంత పని అయింది నాకు. పుట్టినప్పుడు ఏడవని బాబు, మూడో నెలలో గుడ్డపీలికలా ఉండేవాడు. ఏడో నెలకి కాళ్ళు బిగుసుకోవడం మొదలైంది. ఇంట్లోవాళ్ళు బలం వచ్చేసిందని సంతోషించి రావడం మానేశారు. రెండేళ్ళకి మళ్ళీ తెచ్చినప్పుడు కాళ్ళు కత్తెరలా పడి ఉన్నాయి. మెదడు దెబ్బతిన్న పిల్లల్లో మొదట మెత్తదనం, తర్వాత బిగుసుకోవడం మామూలుగా జరిగేదే. అది కోలుకోవడం కాదు. ఆ తల్లికి ఆ ముక్క నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఇక మీ బాబు. మీరు రాసిందాంట్లో నన్ను ఆపింది మెత్తదనం కాదమ్మా. నవ్వేవాడు, ఇప్పుడు నవ్వట్లేదు అన్నారు. మెడ నిలిపాడు, ఇప్పుడు వాలిపోతోంది అన్నారు. రాని పని వేరు, వచ్చి పోయిన పని వేరు. వచ్చింది పోతోందంటే ఆలస్యం అనే మాట అక్కడ కుదరదు. వాళ్ళ నాన్న ఎప్పుడు నడిచాడన్నది కూడా ఇక లెక్కలోకి రాదు. హైదరాబాద్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇవాళో రేపో కాకినాడలో పిల్లల డాక్టరుకి, పెద్ద ఆస్పత్రిలో, చూపించండి. అక్కణ్ణుంచి పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వాళ్ళే పంపుతారు.

పాలు పొలమారడం, ఊపిరి తీస్తుంటే రొమ్ము లోపలికి పోయి పొట్ట పైకి లేవడం, పెదాలు నీలంగా మారడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం. వీటిలో ఏది కనబడినా రాత్రయినా సరే బయల్దేరండి.

మర్దనా వద్దని కాదు. మెల్లగా నూనె రాస్తే బిడ్డకి హాయి, అంతవరకే. బిగువు లేని కీలు ఎటు లాగితే అటు సాగిపోతుంది. చేతులు పట్టుకుని లేపకండి, కాళ్ళూ చేతులూ ఎదురెదురుగా లాగి మడవకండి. నీళ్ళు పోసేటప్పుడు తల కింద ఎప్పుడూ ఒక చెయ్యి ఉండాలి. ఆ మామ్మకి నా తరఫున దండం పెట్టండి.

తేనె ఏమైనా నాకించారా? వసకొమ్ము తేనెలో రంగరించి పెడతారు మన ఇళ్ళలో. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఆ విషం నేను చెప్పిన హోల్డర్ దగ్గర పట్టేస్తుంది. ముందు మలబద్ధకం, తర్వాత రెప్పలు వాలడం, ఏడుపు సన్నబడటం. పెట్టి ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

వెళ్ళేముందు ఫోన్లో చిన్న వీడియోలు తీసుకోండి. పాలు తాగేది, వెల్లకిలా ఉన్నప్పుడు కాళ్ళు, మీరు పిలిస్తే ఎలా చూస్తున్నాడన్నది. నాలుగో నెలలో నవ్విన వీడియో ఉంటే అదీ చూపించండి. ఆస్పత్రిలో బిడ్డ ఏడుస్తుంటే డాక్టరుకి అసలు సంగతి కనబడదు.


కరీంనగర్_నాన్న
సోమవారం, ఉదయం 8:20

చెల్లె, నీ పోస్టు రెండుసార్లు చదివిన. రాయాల్నా వద్దా అనుకుని రాస్తున్న.

మాకు 2015ల పాప పుట్టింది. రెండు నెలలు మంచిగనే ఉండె. మూడో నెలకు కాళ్ళు కదిలించుడు తగ్గింది. కని కండ్లు ఎంత చురుగ్గుండెనో. నేను డ్యూటీ దిగి వస్తే తలుపు దిక్కు చూసి నవ్వేది. గందుకే మాకెవ్వరికి అనుమానం రాలె, ఇంత హుషారున్న పిల్లకు ఏం రోగముంటదని. ఒక డాక్టరు బొద్దుగుంది, లేటుగ కూసుంటది అన్నడు. నెలన్నర అట్లనే పోయింది.

తర్వాత హైదరాబాద్‌ల ఒక మేడం చూసి, ముందు పాపను ముట్టుకోలె. నిలవడి ఊపిరి దిక్కే చూసింది. రొమ్ము లోపలికి పోయి పొట్ట లేస్తుండె. నోరు తెరిపించి నాలుక చూసింది, దాని మీద సన్నగ చీమలు పాకినట్టు అదురుడు. మోకాలి మీద సుత్తితోని కొడితే కాలు లేవలె. రక్తం పంపితే ఎస్ఎంఎన్1 అనే జన్యువు రెండు కాపీలు లెవ్వని వచ్చింది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, టైప్ 1, అంటే వెన్నుపాముల కండల్ని కదిలించే నాడీకణాలు చచ్చిపోయే రోగం. మందు లేదు, ఇంటికి తీస్కపోయి మంచిగ చూస్కోండి అన్నరు. అబద్ధం చెప్పలె వాళ్ళు, అప్పుడు నిజంగనే మందు లేదు. తొమ్మిదో నెలల నిమోనియా వచ్చింది. దక్కలె.

మాది మేనరికం కాదు చెల్లె, దూరపు చుట్టరికం సుత లేదు. ఈ జన్యువు ఒక కాపీ చెడిపోయినోళ్ళు సుమారు 50 మందిల ఒకరుంటరట, వాళ్ళకేం కాదు. ఇద్దరు అసొంటోళ్ళు జత కలిస్తే ప్రతి కాన్పుకు నాలుగిట్ల ఒక వంతు. రెండోసారి మూడో నెలల మాయ నుంచి చిన్న ముక్క దీసి పరీక్ష చేయించినం. ఆ పదిహేను రోజులు నా భార్య ఎట్ల గడిపిందో ఆమెకే ఎర్క. బాబు మంచిగున్నడు, రెండో తరగతి.

ఇప్పుడు రోజులు మారినయి, అది చెప్పుదామనే ఇదంత రాసిన. 2016 డిసెంబర్‌ల అమెరికాల మొదటి మందుకు అనుమతి వచ్చింది, వెన్నుల ఎక్కించేది. 2019ల ఒక్కసారి ఎక్కించే జీన్ మందు, పేపర్లల్ల 16 కోట్లని రాసేది అదే. 2020ల నోట్లె పోసే రిస్డిప్లామ్. అది సీసా ఆరు లక్షల దాక ఉండె. 2025 అక్టోబర్‌ల పేటెంట్ కేసుల సుప్రీంకోర్టు అడ్డు చెప్పకపోయేసరికి హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందు సీసా 15,900కు తెచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్ల ఎవ్వరం మాట్లాడలె. పాప ఫోటో కాడ కూసున్నం.

కని ఏ మందైనా బతికున్న నాడీకణాలనే కాపాడుతది. పోయినవి తేదు. గందుకే నెలన్నర అంటే ఎంతనో నాకు తెలుసు. అరుదైన రోగాలకు కేంద్రం 2021ల పాలసీ తెచ్చింది, హైదరాబాద్‌ల నిమ్స్ దవాఖాన, జన్యు పరిశోధన చేసే సీడీఎఫ్‌డీ కలిసి మన దిక్కు సెంటర్. ఆడ పేరు రాయించుకుంటే 50 లక్షల దాక సాయం ఉంటది. నీ బాబుకు ఇదే అని అంటలేను. ఇది కాదని తేల్చుకో అంటున్న.


ప్రొద్దుటూరు_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 2:10

అక్కా, ఒక్క సంగతి అడుగుతాను. బాబు వేళ్ళ కణుపులు నల్లగా అయ్యాయా? జుట్టు రాగి రంగులోకి తిరిగిందా?

మా పాపకి ఎనిమిదో నెలలో అచ్చం మీరు చెప్పినట్టే. బొద్దుగా ఉండేది, అందుకే తిండి లోపమని ఎవరికీ తట్టలేదు. నవ్వేది, ఆపేసింది. కూర్చోబెడితే కుప్పకూలిపోయేది. కణుపుల మీద నలుపు మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దాను, చర్మం ఎర్రబడిందే కానీ నలుపు పోలేదు. మెదడు స్కాన్ తీయించాం, జన్యు పరీక్ష అన్నారు. చివరికి కర్నూలులో ఒక డాక్టరు పాప అరచేయి చూసి, నా అరచేయి చూసి, "నువ్వేం తింటావమ్మా" అని అడిగారు. బిడ్డకి బాగోలేకపోతే నా తిండి అడుగుతారేమిటని కోపం కూడా వచ్చింది.

మేం గుడ్డు తినం. నాకు పాలు పడవు. బి12 విటమిన్ వచ్చేది అలాంటి తిండిలోంచేనట. నాకు బి12 లేదు, నా పాలలో లేదు, పాపకి లేదు. అంతే. పాపకిప్పుడు నాలుగేళ్ళు. మాటలు కాస్త ఆలస్యమయ్యాయి, మిగతా అంతా బాగుంది.


గోదారి_పిల్ల
సోమవారం, మధ్యాహ్నం 3:05

ప్రొద్దుటూరు అక్కా, మీ పోస్టు సగం చదివి లేచి వెళ్ళి బాబు చెయ్యి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. కణుపులు నల్లగా ఉన్నాయి. కాలివేళ్ళ మీద కూడా. జుట్టు రాగి రంగే, అది మావారి పోలిక అనుకుంటున్నాం. పుట్టినప్పుడు నల్లగానే ఉండేది, పదకొండో రోజు ఫోటోలో చూశాను.

మేమూ గుడ్డు ముట్టం. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెల దాకా వాంతులు, పాల వాసన పడేది కాదు. గ్యాస్ మాత్ర రోజూ వేసుకున్నాను. ఒక్క పెరుగే తినేదాన్ని. కాన్పయ్యాక అదీ లేదు. బాలింత పథ్యం కదా, పెరుగు తింటే బిడ్డకి రొంప చేస్తుందని మూడో నెల దాకా పెట్టలేదు. నాలుగో నెలలో వాడికి నిజంగానే రొంప చేసింది, దాంతో మళ్ళీ ఆపేశారు. వెల్లుల్లి కారం, కందిపొడి, నెయ్యి, బీరకాయ కూర. ఇదే నా తిండి, ఆరు నెలలుగా.

తేనె పెట్టలేదండి ఫిజియోగారూ, వస పాలలో రంగరించి పెట్టారు. కరీంనగర్ అన్నయ్యా, మీ పాప గురించి చదివి ఏడ్చాను. మా బాబు నాలుక చూశాను, అదురుడు ఉందో లేదో నాకు తెలియడం లేదు. రేపు పొద్దున్న ఆరున్నర బస్సుకి కాకినాడ వెళ్తున్నాం.


ఫిజియో_విజయనగరం
సోమవారం, రాత్రి 9:30

వెళ్ళండమ్మా. ఇప్పుడు రాసిందంతా, ముఖ్యంగా పథ్యం సంగతి, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఆ పెరుగు మాట చీటీ మీద రాసుకుని వెళ్ళండి, కంగారులో మరిచిపోతారు.

బి12 లేకపోతే నరం మీద ఉండే మైలిన్ పొర సరిగా తయారు కాదు. పసిబిడ్డ మెదడులో ఆ పొర అల్లుకునే కాలమే ఇది. అందుకే పెద్దవాళ్ళకి తిమ్మిర్లతో పోయేది పిల్లల్లో నవ్వునే తీసుకుపోతుంది. రక్తమూ పడిపోతుంది. ఆస్పత్రిలో మీకిచ్చిన ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు. ఐరన్ వేసుకున్నాను కదా అన్నీ వచ్చేశాయనుకుంటాం.

ఎవరైనా జాలిపడి ముందే బలం ఇంజెక్షన్ వేస్తామంటే, పరీక్షకి రక్తం తీశాకే వేయమనండి. ముందే వేస్తే అంకె మారిపోతుంది, తర్వాత తేల్చడం కష్టం. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వడం కూడా మంచిది కాదు, రక్తం కోలుకున్నట్టు కనిపిస్తుంది, నరం కోలుకోదు. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి. మీకూ రక్తపరీక్ష చేయించుకోండి, మీరు బాగుపడకపోతే పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

కణుపులు నల్లబడ్డాయని ఇదే అని మాత్రం తీర్మానించేసుకోకండి. సుత్తి పరీక్ష చేయించుకోండి. కరీంనగర్ ఆయన చెప్పింది అక్షరాలా నిజం, తేల్చుకోవాలి.


కరీంనగర్_నాన్న
సోమవారం, రాత్రి 10:15

చెల్లె, మాది కాకుండ ఈ అక్క చెప్పిందే కావాలని కొండగట్టు అంజన్నకు మొక్కిన. పోయి రా.


గోదారి_పిల్ల
నాలుగు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:50

ఇన్నాళ్ళు రాయలేకపోయాను, ఆస్పత్రిలోనే పదకొండు రోజులు.

డాక్టరుగారు సుత్తితో తడితే కాలు లేచింది. నాలుక బాగానే ఉందన్నారు. మీరు చెప్పినట్టు పెరుగు మాట చెబుతుంటే రాస్తున్న పెన్ను ఆపి నా వైపు చూశారు. హిమోగ్లోబిన్ 6.8. ఎర్రకణాలు మామూలు కన్నా పెద్దవిగా ఉన్నాయట. బి12 బాబుకి 88, నాకు 132. మామూలుగా 200 పైన ఉండాలట. థైరాయిడ్ బాగుంది. స్కాన్‌లో మెదడు వయసుకి ఉండాల్సిన దాని కన్నా కొంచెం కుదించుకుపోయినట్టు ఉందన్నారు. ఆ మాట విన్నాక వరండాలో కూర్చుండిపోయాను. ఇలాంటి పిల్లల్లో మందు పడ్డాక స్కాన్ మెరుగుపడటం కూడా ఉందని, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూద్దామని చెప్పారు.

మొదటి వారం రోజూ ఇంజెక్షన్. నాలుగో రోజు తిరుగుతున్న ఫ్యాన్‌ని చూశాడు. చూడ్డమంటే, చూస్తూనే ఉన్నాడు. ఆరో రోజు పొద్దున్న మావారు పుణె నుంచి వచ్చి పేరు పెట్టి పిలిస్తే నవ్వాడు. ఒక్కసారే, సగమే. మా ఇద్దరికీ అది చాలు.

ఎనిమిదో రోజు నుంచి కొత్త భయం. చేతులు, గడ్డం వణుకుతున్నాయి. నిద్రపోతే ఆగిపోతుంది, మెలకువ రాగానే మొదలు. ఫిట్స్ కాదని డాక్టరుగారు చెప్పి ఇంటికి పంపారు. ఇప్పుడు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పక్కింటావిడ ఆ ఇంజెక్షన్ల వల్లే వచ్చింది, ఆపేయమంటోంది. నిజమేనా?

మా అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. నేనే పెరుగు పెట్టలేదు అని ఒకటే మాట. ఆవిడకి వాళ్ళమ్మ కూడా పెట్టలేదు, ఆవిడేం చేస్తుంది. నీళ్ళు పోసే మామ్మకి చీర పెట్టాను. తీసుకోనంది. వీడు మళ్ళీ తన్నినప్పుడు తీసుకుంటానంది.


ఫిజియో_విజయనగరం
శనివారం, రాత్రి 10:05

ఇంజెక్షన్లు ఆపొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. ఈ లోపం ఉన్న పిల్లల్లో వణుకు రావడం మన దేశంలో డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే, దీనికి ఇన్‌ఫెంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ అని పేరే ఉంది. కొందరికి మందుకి ముందే వస్తుంది, కొందరికి మందు మొదలుపెట్టాక బయటపడుతుంది. నేను చూసిన పిల్లల్లో వారాల్లో తగ్గిపోయింది. పాలు తాగలేనంత వణికితే, లేదా నిద్రలో కూడా కనిపిస్తే డాక్టరుకి ఫోన్ చేయండి, దానికి మందులున్నాయి.

నవ్వు ముందొస్తుందమ్మా, మెడ తర్వాత. ఆ వరసలోనే రావాలి, కంగారు పడకండి. మీ జిల్లాలో డైక్ సెంటర్ ఎక్కడుందో ఆశా కార్యకర్తని అడగండి, పేరు రాయించుకోండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఫిజియోథెరపీకి డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో చేయాల్సింది ఇప్పటికి ఒక్కటే. మీరు వెనక్కి ఆనుకుని కూర్చుని వాణ్ణి మీ రొమ్ము మీద బోర్లా వేసుకోండి. మీ ముఖం చూడాలనే తల ఎత్తుతాడు. రెండేసి నిమిషాలు, రోజుకి అయిదారు సార్లు, పాలు తాగిన వెంటనే కాదు. అలిసిపోతే ఆపేయండి. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టండి.

మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు వాడికీ మొదలుపెట్టొచ్చా అని ఈసారి వెళ్ళినప్పుడు అడగండి.


గోదారి_పిల్ల
ఆదివారం, రాత్రి 9:15

ఇవాళ అయిదు సార్లు వేసుకున్నాను. నాలుగుసార్లు ముఖం నా జాకెట్టులో దాచుకుని పడుకున్నాడు. అయిదోసారి గడ్డం ఎత్తాడు, వణుకుతూనే. లెక్కపెట్టాను, మూడు అంకెల సేపు. మావారు వీడియో తీద్దామని ఫోన్ వెతికేలోపు వాల్చేశాడు.

కరీంనగర్ అన్నయ్యా, అంజన్నకి మేమూ మొక్కుకున్నాం, వాడు నడిచాక వస్తాం. మీ ఇంటికి కూడా రావాలని ఉంది, మీరు రమ్మంటే.

రేపు వారం ఇంజెక్షన్, వాడికీ నాకూ. అమ్మ పెరుగన్నం కలిపి పిలుస్తోంది, వెళ్తాను.